విత్తనం పొదుపు: ఆరంకణాల పెరట్లో తోట లెక్క



ఈ మహాసభలో పెరటి తోటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సొరపాదు ఎట్లా పెట్టాలో, వంగనారు ఎట్లా పొయ్యాలో మీకు మేం నేర్పేదేమీ లేదు. మీలో చాలామంది మాకంటే బాగా పండించేవాళ్ళే. అందుకని తోట గురించి కాకుండా, తోటలో విత్తనం గురించి చెప్తాం. తినే తోట వేరు, విత్తనం తోట వేరు. విత్తనం కావాలంటే ముందుగా పెరటిని గీసుకోవాల, ఆ తర్వాత వీధిని గీసుకోవాల. ఈ రోజు మేం చెప్పదల్చుకున్నది ఇదే.

మన నెల్లూరు జిల్లాకు పొదుపు కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిపోయింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు మన జిల్లాలో ఇంటింటికీ చేరింది. ఒక్కరి రూపాయికి బ్యాంకులో విలువ లేదు, పదిమంది రూపాయలు కలిస్తే విలువ వచ్చింది. విత్తనం సంగతి కూడా అంతే. ఎందుకో ముందుకు పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

మొలగొలుకులు అంటే తెలియని నెల్లూరు మనిషి ఉండరు. ఆ బియ్యం పేరు అవ్వలు ఇప్పటికీ చెప్తారు. మరి ఆ వడ్లు ఇప్పుడు ఎంతమంది ఇళ్ళలో ఉన్నాయి? పేరు నోట్లో మిగిలింది, విత్తనం చేతిలో మిగల్లేదు. ఇంటి వెనక సొర, బీర, చిక్కుడు కూడా ఆ దారిలోనే పోతా ఉన్నాయి. ఏటేటా ప్యాకెట్లు కొంటా ఉన్నాం. ఆ ప్యాకెట్ మీద ఎఫ్-1 అనో, హైబ్రిడ్ అనో రాసి ఉంటే, దాని కాయ నుంచి విత్తనం తీసి వేసినా అదే కాయ రాదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాపే లేకుండా రకరకాలుగా వస్తాయి. కాబట్టి విత్తనం తోటకు నాటు రకమే తెచ్చుకోవాల. ప్యాకెట్ కొనేదైనా హైబ్రిడ్ కాని రకమేనా అని అడిగి తీసుకోవాల.

ఇప్పుడు లెక్కకొస్తాం. మన కాడ ఒక అంకణం అంటే 8 అడుగులు, 9 అడుగులు. ఆరంకణాలైతే దగ్గర దగ్గర ఒక సెంటు. తూర్పు పడమరలుగా 24 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 18 అడుగులు ఉన్న పెరడు అనుకోండి. ఉత్తరం వరుసలో మూడంకణాలు, దక్షిణం వరుసలో మూడంకణాలు వస్తాయి.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఎండ దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా పడుతుంది. దక్షిణం పక్క పందిరి వేస్తే దాని నీడ మిగిలిన మొక్కల మీద పడుతుంది. అందుకని ఎత్తువన్నీ ఉత్తరం వరుసకి పోవాల. పడమటి మూల అంకణంలో సొర పందిరి, దాని పక్క అంకణంలో బీర గానీ కాకర గానీ పందిరి, తూర్పు మూల అంకణంలో బెండ, గోంగూర. ఇవన్నీ విత్తనం ముదిరిందాకా కదలకుండా నిలబడి ఉండేవి. బెండకాయ తినాలంటే పువ్వు రాలిన ఐదారు రోజులకే లేతగా కోసేస్తాం. విత్తనానికైతే అదే కాయ నెల దాటినా చెట్టు మీదే ఉండి, ఎండి, అంచుల్లో పగుళ్ళు రావాల. అన్నాళ్ళూ ఆ మడిని తవ్వే పని ఉండకూడదు. అందుకే వాటిని వెనక వరుసలో పెట్టేది.

దక్షిణం వరుసలో ఒక అంకణం వంగకి. రెండడుగులకు ఒకటి చొప్పున పెడితే, నడిచే దారి పోను 12 మొక్కలు పడతాయి. రెండో అంకణంలో సగం టమాట, సగం మిరప. మూడోది వంటింటికి దగ్గరగా ఉండే అంకణం, అది పూర్తిగా తినడానికి. ఆకుకూరలు, నారు తొట్లు అక్కడ. ఈ అంకణం ఉంటేనే పిల్లలకు కూర లేదని విత్తనం కాయ కోసే పరిస్థితి రాదు. విత్తనానికి విడిచిన కాయకి ఎర్ర దారం కట్టండి. దారం ఉన్న కాయ మీద ఇంట్లో ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ముందే చెప్పండి. పురుగు పట్టని, జబ్బు లేని, బాగా కాసిన చెట్టుకే ఆ దారం కట్టాల. మిగిలిపోయిన ముసలి కాయని విత్తనానికి వదిలితే ఏటేటా పంట దిగజారిపోతుంది.

సముద్రం గాలి తూర్పు నుంచి వస్తుంది కదా, తూర్పు అంచున తాటాకు దడి కట్టి దాని మీదికి చిక్కుడు పాకించండి. చిక్కుడు చలికాలంలో పూసేది. శ్రావణంలో వేస్తే శివరాత్రికి కాయ ఎండుతుంది. మన ఇసుక నేలలో నీళ్ళు నిలవవు, అందుకని ప్రతి పాదులో చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి వెయ్యాల. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఇళ్ళలో చిక్కుడు త్వరగా మాడిపోతుంది. అట్లాంటి ఇంటికి చిక్కుడు వంతు ఇవ్వొద్దు.

కాలం కూడా గీసుకోవాల. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు ముదిరిన కాయ చెట్టు మీదే కుళ్ళుతుంది, లేకపోతే కాయలోనే మొలకెత్తుతుంది. కాబట్టి విత్తనం ఎండ రోజుల్లో ముదిరేటట్టు వెనక్కి లెక్కేసుకోవాల. టమాట, వంగ, మిరప నారు కార్తీకం చివర తొట్లలో పోసి అరుగు మీద పెట్టుకుంటే, వాన తగ్గినాక డిసెంబరు ఆఖరికి నాటుకోవచ్చు. బెండ, సొర, బీర సంక్రాంతి అప్పుడు గింజ పెట్టాల. ఉగాది దాటి ఎండలు ముదిరే వేళకి కాయ ఎండుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒక పెరటి సంగతి. అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలు.

టమాట, అలసంద తమ పువ్వులో తామే కాయ కట్టుకుంటాయి. నాలుగడుగులు ఎడం ఉంటే రెండు రకాలు ఒకే పెరట్లో పెట్టినా పెద్దగా కలవవు. వంగ, బెండ, మిరపల్లో తేనెటీగలు కొంత పుప్పొడి మార్చేస్తాయి. అందుకని ఇంటికి ఒక వంగ, ఒక బెండ, ఒక మిరప మాత్రమే. సొర, బీర, కాకర, పొట్ల, గుమ్మడి మాత్రం పూర్తిగా ఈగలు, పురుగుల మీద ఆధారపడ్డవి. మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. సొర బీరతో కలవదు, కాకర పొట్లతో కలవదు, కాబట్టి ఇవన్నీ ఒకే పెరట్లో ఉండొచ్చు. పొడుగు సొర, గుండ్రటి సొర పక్కపక్కన ఉంటే మాత్రం రెండూ కలుస్తాయి. పప్పులో వేసే దోస కర్బూజతో కలుస్తుంది, కీరతో కలవదు.

కలిస్తే ఏమవుతుందని అడుగుతారు. ఈ ఏడు కాయ చూపుకీ బాగుంటుంది, రుచికీ బాగుంటుంది. తేడా అంతా లోపలి గింజలో ఉంటుంది, వచ్చే ఏడు దాన్ని వేస్తే గానీ బయటపడదు. కంచెల్లో చేదు సొర తీగ ఎక్కడన్నా ఉందంటే, దాని పుప్పొడి మన సొర పువ్వు మీద పడి, ఆ గింజ నుంచి వచ్చే తీగకి చేదు కాయలు కాయొచ్చు. చేదు సొరకాయ విషం లాంటిది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. సొరకాయ కోసినాక చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదు ఉంటే వెంటనే ఉమ్మేసి, కాయంతా పారెయ్యండి. కాయ వృథా అవుతుందని కూరలో వెయ్యొద్దు. ఆ తీగ విత్తనం అసలు దాచొద్దు.

విత్తనాల కోసం పెద్ద ఎత్తున పండించేవాళ్ళు సొర, బీర లాంటి వాటికి రకానికీ రకానికీ అర కిలోమీటరుకు తగ్గకుండా ఎడం పాటిస్తారు. మన పెరడు 24 అడుగులు. ఒక్క ఇల్లు ఎంత జాగ్రత్త పడినా, గోడ అవతల పక్కింటి అక్క వేరే సొర పెడితే మన కష్టం పోయినట్టే. ఆమె తప్పు కాదు, ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, అంతే. అందుకే ఈ పని ఒక్కరితో కాదు, సంఘంతోనే అవుతుంది అంటున్నాం.

మా సంఘంలో ఇట్లా చేస్తున్నాం. సమావేశం రోజు ముగ్గుపిండితో నేల మీద మా పాళెం గీస్తాం. వీధులు, ఇళ్ళు, బోర్లు, ఉప్పు నీళ్ళు ఉన్న చోట్లు, అన్నీ. ఎవరి ఇంట్లో ఏ విత్తనం ఉందో ఆ గింజలే తెచ్చి ఇంటి గుర్తు మీద పెడతారు. అప్పుడు ఎక్కడ ఏది కలిసిపోతుందో కళ్ళకు కనబడుతుంది. పాళెం మొత్తానికి ఈ ఏడు విత్తనానికి ఒకే సొర అనుకుంటాం. రెండో సొర పక్క పాళెం సంఘానికి అప్పజెప్తాం. వంగ రకాలను ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పంచుతాం. సొర విత్తనం ఒక్క తీగ నుంచే తియ్యకుండా, అదే రకం వేసిన నాలుగైదు ఇళ్ళ నుంచి తీసి కలుపుతాం. అట్లయితేనే రకం బలంగా ఉంటుంది.

సంఘంలో లేని ఇంట్లో వేరే సొర ఉంటే పోట్లాడే పని లేదు. సొర, బీర సాయంత్రం పూస్తాయి. ఆ రోజు విచ్చుకోబోయే ఆడ మొగ్గని, మగ మొగ్గని పొద్దున్నే దారంతో మెల్లగా కట్టెయ్యండి. కింద చిన్న పిందె ఉన్నది ఆడది, సన్న కాడ ఒక్కటే ఉన్నది మగది. సాయంత్రం దారం విప్పి, మగ పువ్వుని వేరే తీగ నుంచి తెచ్చి ఆడ పువ్వుకి తాకించి, మళ్ళీ కట్టి, ఆ పిందెకి ఎర్ర దారం వెయ్యండి. కాకర, గుమ్మడికైతే ఈ పని తెల్లవారుజామున. చదువు అక్కర్లేదు, మెల్లటి చెయ్యి ఉంటే చాలు.

ఇంక దాచడం. టమాట గుజ్జుని నీళ్ళలో ఒకటి రెండు రోజులు పులవబెట్టి కడిగితే గింజకున్న జిగురు పోతుంది. వంకాయ పసుపు పచ్చగా పండినాక నలిపి నీళ్ళలో వేసి, మునిగిన గింజ తీసుకోవాల. సొర, బీర గింజలు గలగలమనాల. ఏ గింజైనా నీడలో, పొద్దుటి ఎండలో ఆరాల. మిట్టమధ్యాహ్నం రేకు మీద, సిమెంటు మీద పోస్తే మొలక చచ్చిపోతుంది. సముద్రం ఒడ్డున ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారడం మీరు చూస్తానే ఉంటారు. గింజ కూడా అట్లనే గాలిలో తేమ పీలుస్తుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపని విత్తన శాస్త్రంలో లెక్క. అందుకని గట్టి మూత ఉన్న గాజు సీసా వాడండి. గుప్పెడు బియ్యం బాగా వేయించి, మూత పెట్టి చల్లార్చి, గుడ్డలో మూటకట్టి అడుగున వెయ్యండి. వేసే ముందు పది గింజలు తడి గుడ్డలో కట్టి చూడండి. ఏడెనిమిది మొలిస్తే విత్తనం మంచిదే.

ఎంత బాగా దాచినా ఒకే ఇంట్లో పెట్టొద్దు. 2021 నవంబరులో పెన్నమ్మ పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అప్పుడు మన జిల్లాలో ఎన్ని ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయో మీకు తెలుసు. విత్తనాన్ని మూడు వాటాలు చెయ్యండి. ఒకటి ఇంట్లో, ఒకటి సంఘం పెట్టెలో, ఒకటి ఎగువ మండలంలో మెరక మీదున్న సంఘం దగ్గర. వాళ్ళ విత్తనం మన దగ్గర, మన విత్తనం వాళ్ళ దగ్గర.

ఇవ్వడం, తీసుకోవడం అప్పు పుస్తకం మాదిరే. ఒక చెంచా తీసుకుంటే పంట చేతికొచ్చినాక రెండు చెంచాలు కట్టాల. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత మహిళలు, ఏళ్ళ తరబడి విత్తన బ్యాంకులు నడుపుతున్నారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు జొన్నలకి, పప్పులకి చేసింది మనం కూరగాయలకి చెయ్యొచ్చు. చట్టం కూడా అడ్డం లేదు. 2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని కంపెనీ మాదిరి పేరేసి ప్యాకెట్లో అమ్మకూడదు, అంతే.

చివరిగా మూడు మాటలు. వచ్చే నెల సమావేశానికి ప్రతి సంఘం తమ వీధి ముగ్గు గీసి, ఎవరింట్లో ఏ నాటు విత్తనం ఉందో మినిట్స్ పుస్తకంలో రాయాల. ఇంట్లో అత్తమ్మని, అవ్వని కూర్చోబెట్టి అడగాల, ఎందుకంటే సగం విత్తనాల పేర్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. గ్రామ సంఘం ఆ పుస్తకాలన్నీ చూసి, ఏ పాళేనికి ఏ సొర, ఏ బీర అనేది కార్తీకం లోపల తేల్చాల. డబ్బు పొదుపుకి మనకి బ్యాంకు తోడుంది. విత్తనం పొదుపుకి పక్కింటి అక్క తోడుండాల. ఈ రోజు ఇంటికి పోతానే ముందు ఆమెతో మాట్లాడండి.