రెండు వేల రూపాయల్లో మా ఇంటి క్రిస్మస్

సాఫ్ట్‌వేర్ జాబ్ మానేశాక ఇదే నా మొదటి క్రిస్మస్. నెల జీతం లేదు, ఇంట్లో ఆరుగురం, చేతిలో రెండు వేలు. తమ్ముడేమో క్రెడిట్ కార్డు గీకుదామన్నాడు. వద్దన్నాను. కొత్త బట్టలు ఈసారి మామ్మకీ, అక్క కూతురికీ మాత్రమే.

కేక్ బదులు అరిసెలు. మనది అనకాపల్లి కదా, బెల్లానికి దేశమంతా పేరున్న ఊరు! బియ్యం ముందురోజే నానబెట్టాలి. పిండి తడి ఆరకూడదు. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, ముదిరిందా, అరిసె రాయే. ఆ టైమింగ్ మామ్మకే తెలుసు. అందుకే 24న చర్చికి వెళ్లేలోపు ఫోన్లు పక్కన పడేసి అందరం పొయ్యి దగ్గరే.

నాన్న మాత్రం "చుట్టాలొస్తే ఏమనుకుంటార్రా?" అంటున్నారు. మొదటి వాయి వీధిలో ఆయన చేతే పంచిద్దామని నా ప్లాన్.