క్రీడాకారుని ఇంటికి తోడు
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాలకు డెబ్బయి అయిదేళ్ళు నిండిన సందర్భంలో గెలిచిన కప్పులను గూర్చి మాట్లాడటం ఆనవాయితీ. అద్దాల బీరువాలో ఉన్న ఆ కప్పులు చెప్పవలసినది అవే చెప్పుకుంటాయి. మైదానంలో పడిపోయిన ఆటగానిని గూర్చి, అతనిని ఆసుపత్రిలో చేర్చిన పిమ్మట ఆ ఇంటి స్థితిని గూర్చి ఉత్సవ సభలలో ప్రస్తావన రావటం అరుదు. నేటి ప్రసంగ విషయం అదే.

మనలి వంటి చోట ఈ విషయానికి బరువెక్కువ. 1965లో మద్రాసు రిఫైనరీస్, ఆ మరుసటి సంవత్సరం మద్రాసు ఫెర్టిలైజర్స్ స్థాపితమైన నాటి నుండి ఇది కర్మాగారాల ఊరు. స్థిరమైన నెలజీతం ఉన్న ఇళ్ళు కొన్ని. కాంట్రాక్టు పని మీద, దినకూలి మీద, లారీ తోలకం మీద నడిచే ఇళ్ళు పెక్కు. అటువంటి ఇంట పిల్లవాని మోకాలు దెబ్బతింటే తండ్రో తల్లో పని మానుకుని ఆసుపత్రిలో కూర్చోవాలి. ప్రభుత్వాసుపత్రిలో వైద్యం ఉచితమే. పక్కన తోడుండటం మాత్రం ఉచితం కాదు. ఆనాటి కూలి ఆనాడే పోతుంది.

క్రీడాలోకం ఒక ఆటగానిని కాపాడుకున్న ఉదంతాలలో మొదట స్మరించదగినది 1962 నాటిది. ఆ సంవత్సరం మార్చిలో భారత క్రికెట్ జట్టు వెస్టిండీస్ పర్యటనలో ఉంది. జట్టు మేనేజరు హైదరాబాదుకు చెందిన గులాం అహ్మద్. జట్టులో మన హైదరాబాదీ జయసింహ కూడా ఉన్నారు. బార్బడోస్ జట్టుతో ఆడుతుండగా చార్లీ గ్రిఫిత్ విసిరిన బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి పుర్రె చిట్లింది. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలు. అత్యవసర శస్త్రచికిత్సలు జరిగాయి. దినాల తరబడి స్పృహ లేదు. రక్తం కావలసివచ్చింది. రక్తమిచ్చినవారిలో ప్రత్యర్థి పక్షపు కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ ఉన్నారు. చందు బోర్డే, బాపు నాద్కర్ణి, పాలీ ఉమ్రీగర్ ఇచ్చారు. కాంట్రాక్టర్ బ్రతికారు. మళ్ళీ టెస్టు ఆడే యోగం మాత్రం లేకపోయింది. తర్వాత వేలూరులో డాక్టర్ చాండీ ఆయన తలలో అమర్చిన లోహపు పలకను అరవయ్యేళ్ళకు, 2022లో గాని తీయలేదు.

వొరెల్ 1967లో రక్తపు క్యాన్సరుతో, నలభై రెండేళ్ళకే కన్నుమూశారు. ఆయన చేసిన పని ఒక మంచి కథగా మిగిలిపోవలసినదే. అలా మిగిలిపోకుండా చేసినది బెంగాలు క్రికెట్ సంఘం. 1981 నుండి ఫిబ్రవరి 3వ తేదీన ఆ సంఘం ఫ్రాంక్ వొరెల్ పేరిట రక్తదాన శిబిరం నడుపుతూ వస్తున్నది. ఆ సూదికి చేయి చాచే యువకులలో అధికులు వొరెల్ ఆడగా చూసినవారు కారు. ఎవరో ఒకరు పడిపోయిన తర్వాత పరుగెత్తటం ఒకటి. ఎవరూ పడకముందే ఏటా ఒక దినం నిర్ణయించుకోవటం మరొకటి. ఈ రెండవది చేయటానికి ఉద్వేగం చాలదు, ఓపిక కావాలి. కాబట్టే అది అరుదు.

ప్రఖ్యాతుల విషయంలో సైతం సాయం ఎంత ఆలస్యంగా కదులుతుందో ఇటీవలి రెండు సంగతులు చెబుతాయి. 2018 డిసెంబరులో వడోదరలో రోడ్డు ప్రమాదానికి గురైన మాజీ క్రికెటరు జాకబ్ మార్టిన్ కుటుంబం ఆసుపత్రి బిల్లు కట్టలేని స్థితికి వచ్చింది. అప్పుడు క్రికెట్ బోర్డు 5 లక్షలు, బరోడా సంఘం 3 లక్షలు ఇచ్చాయి. యువ ఆటగాడు కృనాల్ పాండ్యా అంకె వేయని చెక్కు పంపారు. 2024లో రక్తపు క్యాన్సరుతో లండనులో చికిత్స పొందుతున్న అంశుమాన్ గైక్వాడ్ కొరకు కపిల్ దేవ్ మొదలైన సహక్రీడాకారులు బహిరంగంగా విన్నవించిన మీదట బోర్డు జూలైలో కోటి రూపాయలు మంజూరు చేసింది. ఆ నెలాఖరుననే ఆయన మరణించారు. దేశంలోకెల్లా ధనవంతమైన క్రీడకు, దేశం తరఫున ఆడిన వారికి జరిగినది ఇది. పేపర్లలో పేరు రానివారి సంగతి ఊహించుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 1982లోనే క్రీడాకారుల కొరకు జాతీయ సంక్షేమ నిధిని ఏర్పరచింది. అది కీర్తి సంపాదించి కష్టంలో పడినవారికి ఉద్దేశించినది. జిల్లా స్థాయి దాటని పిల్లవాడు, వీధి జట్టులో గోలు కాచే పిల్లవాడు ఆ గుమ్మం దాకా పోలేడు. తప్పు నిధిది కాదు. ప్రతి వీధినీ ఢిల్లీ నుండి చూడటం సాధ్యం కాదు. వీధిని చూడవలసినది వీధిలోని జట్టే.

మనలికి దూరం కాని వ్యాసర్పాడిని ఇక్కడ తలచుకోక తప్పదు. ఉత్తర చెన్నైలో ఫుట్‌బాలుకు పుట్టిల్లు వంటి పేట అది. అక్కడి పదిహేడేళ్ళ ఫుట్‌బాలు క్రీడాకారిణి, కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతున్న పిల్ల, మోకాలి లిగమెంటు చిరిగి 2022 నవంబరు 7వ తేదీన ఒక ప్రభుత్వాసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకుంది. ప్రాణాపాయం లేని చికిత్స అది. రక్తస్రావం ఆపటానికి వేసిన కట్టు మరీ బిగుతుగా ఉండిపోయి కాలికి రక్తప్రసారం నిలిచింది. పెద్దాసుపత్రికి తరలించారు, కాలు తీసివేశారు. అయినా నవంబరు 15వ తేదీన ఆ పిల్ల చనిపోయింది. ఇద్దరు వైద్యులను సస్పెండు చేశారు. ప్రభుత్వం కుటుంబానికి 10 లక్షల రూపాయలు, ఇల్లు, సోదరునికి ఉద్యోగం ప్రకటించింది. అది ప్రభుత్వ ధర్మం.

ఆ విషాదంలో ప్రతి క్రీడాజట్టు నేర్వదగిన వైద్య విషయం ఒకటుంది. రక్తం అందని కండరం కొన్ని గంటలలోనే, ఇంచుమించు ఆరు గంటలకే, కోలుకోలేని స్థితికి చేరుతుంది. అంతకుముందే కాలు హెచ్చరిస్తుంది: మందుకు లొంగని నొప్పి, వ్రేళ్ళు చల్లబడటం, తిమ్మిరి, రంగు మారటం. శస్త్రచికిత్స జరిగిన రాత్రి రోగి పక్కన కూర్చున్నవారికి ఈ నాలుగూ తెలిసి ఉండాలి. తెలిస్తే నర్సును పిలవటానికి, వినకపోతే మళ్ళీ పిలవటానికి జంకరు. పగలంతా పని చేసి వచ్చిన తల్లికి నిద్ర ముంచుకొస్తుంది. ఆ రాత్రులు జట్టులోని పెద్ద పిల్లలు వంతులవారీగా కూర్చుంటే అది పరామర్శ కాదు, వైద్యంలో భాగమే. పళ్ళ బుట్టతో పదిమంది వచ్చి, ఫోటో తీయించుకుని వెళ్ళటం కంటె ఒక్కడు తెల్లవారుదాకా మెలకువగా ఉండటం మేలు.

డబ్బు మాటకు వస్తే, తమిళనాట 2009లో మొదలై 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాగా రూపు మార్చుకున్న పథకం అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స భరిస్తుంది. కార్డు ఉంటేనే సుమా! దెబ్బ తగిలిన తర్వాత కార్డు కొరకు కార్యాలయాల చుట్టూ తిరిగే తండ్రులు నేటికీ ఉన్నారు. ఆట సంవత్సరం మొదట్లో బూట్ల కొలతలు తీసుకునేటప్పుడే ఏ ఇంటికి కార్డు లేదో అడిగి వ్రాసుకోవటం శిక్షకునికి అరగంట పని. బీమా భరించనివి వేరే ఉన్నాయి: పోయిన కూలి, స్టాన్లీ ఆసుపత్రికి రోజూ బస్సు ఖర్చు, ఇంట చిన్నపిల్లల అన్నం, ఆరునెలల వ్యాయామ చికిత్స. టోర్నమెంటు ప్రవేశ రుసుములో ఒక పాలు ప్రక్కన పెట్టినా వీటిలో కొన్ని గడుస్తాయి. ఆ సొమ్ముకు లెక్క పుస్తకం ఉండాలి. లెక్క అందరూ చూడవచ్చు గాని, తీసుకున్న ఇంటి పేరు నోటీసు బోర్డు ఎక్కరాదు. సాయం పొందిన పిల్లవాడు తిరిగి మైదానానికి రావాలి గదా! అతనిని చూసిన ప్రతివారికీ పాత చందా గుర్తుకు వస్తే అతడు రాడు.

రక్తం విషయంలోనైతే ఖర్చు కూడా లేదు. పద్ధెనిమిదేళ్ళు నిండి, 45 కిలోల బరువు, ఆరోగ్యం ఉన్నవారు ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. పాఠశాల జట్టులో ఉన్నవారికి ఆ వయస్సు ఉండదు. పూర్వ విద్యార్థులకు ఉంటుంది. ఈ సభకు వచ్చిన పూర్వ విద్యార్థులు వెళ్ళేలోగా ద్వారం వద్ద బల్ల మీద ఉన్న పుస్తకంలో తమ పేరు, రక్తపు వర్గం, ఫోను నంబరు వ్రాయవలసిందిగా ప్రార్థన. వర్గం తెలియనివారు ఆ గడిని ఖాళీగా వదిలి, పరీక్ష చేయించుకున్న పిమ్మట వచ్చి నింపవచ్చు.