ఇసుక కింద సరస్వతి

మా వేటపాలెంలో సరస్వతి అంటే 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయమే గుర్తొస్తుంది. ఆ పేరుగల నది మాత్రం కంటికి కనబడదు. 1972 నుంచి ఉపగ్రహాలు తీసిన ఫొటోలలో హర్యానా, రాజస్థాన్‌లలో ఘగ్గర్ వెంట ఎండిన పాయలు బయటపడ్డాయి.

ఎలాగంటారా? మన దొరువు చుట్టూ ఆకు పచ్చగా ఉంటుంది చూశారూ, పూడిన కాలువ మీదా అంతే, తేమకి మొక్క ఏపుగా పెరుగుతుంది. గీత మన బకింగ్‌హాం కాలువలా తిన్నగా ఉంటే మనిషి తవ్విందనీ, వంకర్లు పోతే నది అనీ పోల్చుకుంటారు.

కాలీబంగన్ వంటి హరప్పా ఊళ్లు ఆ ఒడ్డునే ఉండేసరికి, ఇదే వేదాల సరస్వతి అన్నారు చాలామంది. నాకూ సంబరమే. కానీ ఫొటో వయసు చెప్పదు కదా! అక్కడి ఇసుకను పరీక్షించిన వాళ్లు 2017లో చెప్పిందేమంటే, దాదాపు 8 వేల ఏళ్ల కిందటే సట్లెజ్ అక్కణ్ణుంచి తప్పుకుంది. ఆ ఊళ్లు తర్వాతెప్పుడో వెలిశాయి. పెద్ద నది వదిలేసిన పల్లంలో, వాననీటితో సంసారాలు నెట్టుకొచ్చారన్నమాట. కథ కాస్త చిన్నబోయింది గానీ, ఆ ఇల్లాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.