పెద్దమ్మ మాత్రల డబ్బా

ఈ రోజు మా పెద్దమ్మ సంగతి చెప్తాను, వినండి.

2022లో పెద్దమ్మకు గుండెపోటు వచ్చింది. గుండెకు రక్తం తెచ్చే నాళాలు ఉంటాయి. వాటి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒక్కోసారి ఆ పొర పగులుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. పెద్దమ్మకు అదే జరిగింది. డాక్టర్లు ఆ చోట స్టెంటు వేశారు. అది సన్నని తీగలతో అల్లిన చిన్న గొట్టం. అందులో మళ్లీ గడ్డ కట్టకుండా రెండు మాత్రలు ఇచ్చారు. ఒకటి ఆస్పిరిన్, ఇంకోటి క్లోపిడోగ్రెల్. "మేం చెప్పేదాకా ఒక్క రోజు కూడా మానొద్దు" అన్నారు.

నాలుగు నెలలు బాగానే వేసుకుంది. అప్పుడు సంతలో ఒకాయన తెల్లమద్ది చెక్క పొడి అమ్మాడు. "ఇది తాగితే మాత్రలతో పనిలేదు. రెండూ కలిస్తే వేడి చేస్తుంది" అన్నాడట. పెద్దమ్మ మాత్రలన్నీ డబ్బాలో పెట్టి మూత వేసేసింది. మాకెవరికీ చెప్పలేదు. పన్నెండో రోజు రాత్రి మళ్లీ నొప్పి, ఒళ్లంతా చెమటలు. స్టెంటులోనే గడ్డ కట్టింది. ప్రాణం దక్కింది. కానీ గుండె కండ కొంత చచ్చుబడింది. ఇప్పుడు బిందె ఎత్తితే ఆయాసం.

మద్ది చెక్కను నేను తిట్టడం లేదు. గుండెజబ్బుకు దాన్ని ఆయుర్వేదంలో ఎప్పటినుంచో వాడుతున్నారు. అయితే స్టెంటు వేసినవాళ్లకు మాత్రల బదులు అది చాలని ఏ పరీక్షలోనూ తేలలేదు.

మొక్కల్లో బలం ఉంది. 1785లో ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే డాక్టరు ఒక పూలమొక్క ఆకు గురించి పుస్తకం రాశాడు. ఒంటికి నీరు పట్టినవాళ్లకు ఆ ఆకు ఇచ్చేవాడు. అలాంటి మొక్క నుంచే డిజాక్సిన్ అనే గుండె మాత్ర వచ్చింది. మోతాదు మించితే అదే విషం. బలమున్న మందు ఏదైనా ఇంకో మందుతో కలిసి తేడా చేయొచ్చు.

వెల్లుల్లి చూడండి. కూరలో వేసుకుంటే భయం లేదు. కానీ వెల్లుల్లి గుళికలు రోజూ మింగితే రక్తం కొంచెం పలచబడుతుంది. పైన ఆస్పిరిన్ కూడా వేసుకుంటుంటే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం కారొచ్చు. దగ్గుకు నమిలే అతిమధురం ఉంది కదా! వారాల తరబడి నమిలితే ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి. బీపీ పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఈ సంగతి నాకూ ఈ మధ్యనే తెలిసింది. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ నమిలేవాళ్లం.

పెద్దమ్మను మొన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పొడి పొట్లం కూడా సంచిలో పెట్టుకుంది. డాక్టరు కోప్పడతాడేమోనని భయపడింది. ఆయన కోప్పడలేదు. పొట్లం విప్పి చూసి, "ముందే చూపించాల్సింది కదమ్మా" అన్నాడు.

రేపు మీ ఇంట్లో వాడే మాత్రల అట్టలు తీసుకురండి. పొడులు, కషాయాలు ఉంటే అవీ తేండి. అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగులో రాసిస్తాను. ఎవరి మాత్ర పేరు వాళ్లు పలక మీద రాద్దాం.