గొలుసు సాగినదా, అరిగినదా?

సైకిలు చైను వదులైనప్పుడు "చైను సాగినది" అని మనమందరమును అందుము. మెకానిక్కులును ఆ మాటే అందురు. వాడుకలో స్థిరపడిన మాట గనుక దానిని మానుడని నేను చెప్పబోను. కాని ఆ మాట వెంట ఒక తప్పు తలంపు వచ్చుచున్నది. సాగినదనగానే రబ్బరు వలె ఇనుము పొడుగైనదని తోచును. పొడుగైన మేరకు ఒకటి రెండు లంకెలు తీసివేసి బిగించినచో పని తీరునని కూడ తోచును. సైకిలు మొదలు మోటారు సైకిలు వరకు, ధాన్యపు మిల్లులోని ఎలివేటరు మొదలు వరికోత యంత్రము వరకు, గొలుసుతో నడచు యంత్రములకు చేయు మరమ్మతులు పెక్కు నిలువకపోవుటకు ఈ తలంపే కారణము.

పాత సైకిలు చైను ముక్క ఒకటి చేతిలోనికి తీసికొని చూడుడు. అందులో రెండు విధములైన లంకెలు ఒకదాని తరువాత ఒకటిగా ఉండును. లోపలి లంకెలో రెండు పలకలు, వానిని కలుపుచు రెండు సన్నని గొట్టములు ఉండును. ఈ గొట్టములను బుష్షులందురు. బుష్షు చుట్టును వదులుగా తిరుగునది రోలరు. వెలుపలి లంకెలో రెండు పలకలు, వానిని కలుపుచు రెండు పిన్నులు ఉండును. ఈ పిన్ను లోపలి లంకె యొక్క బుష్షులో దూరియుండును. పిన్ను తన పలకలకు బిగుతుగా పట్టియుండును. బుష్షు తన పలకలకు బిగుతుగా పట్టియుండును. కదలిక యంతయు పిన్నునకును బుష్షునకును నడుమనే. గొలుసు ఒక పళ్ళచక్రము మీదికి ఎక్కునప్పుడు ప్రతి కీలును ఒకసారి మడతపడును. దిగునప్పుడు తిరిగి నిటారగును. రెండవ చక్రము మీదను ఇదే కథ. ఆ పిన్నులు అరుగక ఏమి చేయును?

అరుగుదల ఎంత? పదవ వంతు మిల్లీమీటరు అనుకొందము. అనగా సుమారు ఒక కాగితపు మందము. సైకిలు చైనులో 110 కీళ్ళున్నవనుకొనినచో, కీలుకు ఒక కాగితము చొప్పున మొత్తము 11 మిల్లీమీటర్ల పొడవు పెరుగును. సైకిలు చైనులో ఒక కీలు నుండి మరియొక కీలుకు దూరము అర అంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు. కావున కంటికి కనబడని అరుగుదల అంతయు కలిసి ఇంచుమించు ఒక లంకె పొడవైనది. పలకలను విడిగా కొలిచి చూచినచో అవి కొత్తనాటి వలెనే ఉండును. ఇనుము ఎక్కడను సాగలేదు. ప్రతి కీలును కొంచెము కొంచెముగా లోపల తినివేయబడినది.

ఇప్పుడు రెండు లంకెలు తీసివేసి బిగించినామనుకొనుడు. వదులు పోవును. మిగిలిన నూటెనిమిది కీళ్ళలోని అరుగుదల మాత్రము అట్లే ఉండును. పళ్ళచక్రము నందలి పళ్ళ ఎడము అర అంగుళమునకు తగినట్లు కోయబడినది. గొలుసు కీళ్ళ ఎడము అంతకు మించినది. ఇట్టి గొలుసు పంటి మొదట కూర్చొనలేక, పైకి, పంటి కొన వైపునకు జరుగును. అక్కడ ఒరసికొని పంటిని ఒక ప్రక్కకు కొక్కెము వలె వంచినట్లు అరగదీయును. తొక్కుడు బరువు ఎక్కువైనప్పుడు కటకటమని ఒక పన్ను దాటి ముందుకు దుముకును. ఎత్తు ఎక్కునప్పుడు పెడలు మీది కాలు హఠాత్తుగా జారి ముందుకు పడినవారికి ఈ అనుభవము తెలియును. ఆ దశకు వచ్చిన పిమ్మట కొత్త చైను వేసినను సుఖము లేదు. కొక్కెపు పళ్ళు కొత్త గొలుసును త్వరలోనే పాతదానిగా చేయును. సకాలమున గొలుసు మార్చినచో గొలుసు ఖరీదుతో పోవును. ఆలస్యము చేసినచో చక్రముల ఖరీదు కూడ పెట్టవలసి వచ్చును. పొదుపు చేయుచున్నామని తలచి లంకెలు తీయించువారు నిజమునకు చేయుచున్న ఖర్చు ఇది.

ఈ పిన్ను అరుగుదల యంత్రశిల్పులను చాలకాలము బాధించినది. ఇంగ్లండులోని సాల్ఫర్డ్ పట్టణమున జేమ్స్ స్లేటర్ 1864లో రోలరు గొలుసుకు పేటెంటు పొందెను. దానిలో బుష్షు లేదు. లాగుడు బరువంతయు పలకల సన్నని అంచుల మీద పడి, ఆ అంచులు పిన్నును కోయుచుండెను. స్విట్జర్లండులో పుట్టి మాంచెస్టరు ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1879లో స్లేటరు యొక్క చిన్న వ్యాపారమును కొనెను. మరుసటి సంవత్సరమే పిన్నునకు ఒక గొట్టపు తొడుగు వేసెను. ఆ తొడుగే బుష్షు. పలకల అంచుల మీద పడు బరువు దానితో పిన్ను పొడవునను పరచుకొనినది. చూచుటకు ఎంత చిన్న మార్పు! కాని 1885లో కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ వెలువరించిన రోవరు సైకిలు వంటి వాహనములు, అనగా వెనుక చక్రమును గొలుసు నడపు సైకిళ్ళు, లోకమంతట వ్యాపించుటకు ఇట్టి మన్నికగల గొలుసు తోడ్పడినది. అరుగుదలను రెనాల్డ్ తగ్గించెనే గాని తొలగించలేదు. తొలగించుట ఎవరి వలనను కాదు.

సైకిలు మరమ్మతుదారులు యంత్రమును ఎట్లు చూతురో తెలిసికొనుటకు రైటు సోదరుల కథ కూడ పనికివచ్చును. 1903 డిసెంబరు 17న ఎగిరిన వారి విమానమునందు ఇంజను శక్తిని రెండు ప్రొపెల్లరులకు అందించినవి గొలుసులే. ప్రొపెల్లరులు ఎదురెదురు దిశలలో తిరుగుటకై ఒక గొలుసును అడ్డముగా మెలివేసిరి. ఎగురుటకు కొద్ది వారములు ముందు పళ్ళచక్రములు ఇరుసుల మీద పదే పదే వదులగుచుండగా, సైకిలు టైర్లకు వాడు జిగురు సిమెంటు పోసి వానిని నిలిపిరి. ఆ తరువాత గొట్టపు ఇరుసు బీటవారినప్పుడు మాత్రము జిగురు జోలికి పోలేదు. ఆర్విల్ రైట్ డేటన్ పట్టణమునకు తిరిగిపోయి, గట్టి ఉక్కుకడ్డీలతో కొత్త ఇరుసులు చేయించుకొని వచ్చెను. ఏది అతుకుతో నిలుచునో, ఏది మార్చవలసినదో ఎరుగుట మరమ్మతులో సగము విద్య.

గొలుసు విషయమున ఆ ఎరుకకు కొలబద్ద ఉన్నది. గొలుసును యంత్రము మీదనే ఉంచి, బిగువుగా ఉన్న పై వరుసలో ఒక పిన్ను నడిమి నుండి లెక్కించి 24వ పిన్ను నడిమి వరకు ఉక్కుటేపుతో కొలువవలెను. దర్జీ టేపు పనికిరాదు. అది నిజముగానే సాగును. సైకిలు చైను కొత్తదైనచో సరిగా 12 అంగుళములుండును. దాని మీద అంగుళములో వీసము, అనగా 16వ వంతు పెరిగినచో గొలుసు మార్చుకొనుట మేలు. 8వ వంతు పెరిగినచో పళ్ళను కూడ పరీక్షించి చూడవలెను. పెద్ద యంత్రములలో, లంకె ఎడము ఒక అంగుళముగల గొలుసునకు 12 లంకెలు కొలిచినచో 12 అంగుళములు రావలెను. పన్నెండుంబావు వచ్చినదన్నచో, నూటికి రెండు వంతులు పెరిగినదన్నమాట. యంత్రములలో సాధారణముగా అంగీకరించిన హద్దు ఆ రెండు వంతులే. పళ్ళ సంఖ్య మిక్కిలి ఎక్కువగాగల పెద్ద చక్రముల మీద ఈ హద్దు ఇంకను తగ్గును. ఒకచోటనే కొలిచి తృప్తిపడక మూడు నాలుగు చోట్ల కొలువవలెను. గొలుసు అంతటను సమానముగా అరుగదు.

అట్లయినచో ఒక్క లంకె మరమ్మతు ఎన్నడును తగదా? తగును. గొలుసు మంచిదై యుండి, ఏదో రాయియో బోల్టో చక్రము నడుమ చిక్కుకొని ఒక పలక వంగినను, రోలరు పగిలినను, ఆ లంకెను మాత్రమే మార్చుట న్యాయము. కోతకాలమున, మబ్బు పట్టిన వేళ, వరికోత యంత్రము చేను నడుమ నిలిచిపోయినప్పుడు రైతునకు వేరు మార్గము కూడ ఉండదు. కాని అప్పుడు పాటింపవలసిన పద్ధతి ఒకటి ఉన్నది. సగము అరిగిన గొలుసులో సరికొత్త లంకె వేసినచో దాని ఎడము తక్కువ, ఇరుగుపొరుగుల ఎడము ఎక్కువ. ఆ లంకె చక్రము మీదికి వచ్చినప్పుడెల్ల ఒక కుదుపు. కావున అంతే అరిగిన అదే రకపు పాత గొలుసు ముక్క దొరకినచో దాని నుండి లంకెను తీసికొనుటయే మంచిది. పాత ముక్కలను ఇనుపసామానువానికి వేయక ఒక జానెడు దాచుకొనిన రైతు తెలివిగలవాడు.

పిన్నును ఊడదీయుటలోను నేర్పు కావలెను. దాని తల పలక మీద చదునుగా నొక్కబడి యుండును. ముందుగా ఆ తలను ఆకురాయితోనో సానచక్రముతోనో పలక మట్టమునకు అరగదీసి, అప్పుడు పిన్నును తోయవలెను. అట్లు చేయక సుత్తితో మోదినచో పలక రంధ్రము పెద్దదగును. ఒక లంకెకు గల రెండు పిన్నులను కొంచెము కొంచెముగా, సమముగా తోయవలెను. ఒక్కదానినే పూర్తిగా వెడలగొట్టినచో పలక మెలిపడును. ఊడిన పిన్నును తిరిగి దిగగొట్టరాదు. మునుపటి బిగుతు దానికి మరల రాదు. ఆ స్థానమున చైన్ లాక్ అని మనవారు పిలుచు కలుపుడు లంకెను వేయవలెను. దాని క్లిప్పు యొక్క మూసిన కొన గొలుసు నడచు దిక్కునకు, చీలిన కొన వెనుకకు ఉండవలెను. తిరుగబడినచో, ఏ గడ్డిపోచయో రేకో తగిలి క్లిప్పును ఊడలాగును. గొలుసును పొట్టిచేయుటకు లోపలిది ఒకటి, వెలుపలిది ఒకటి, జతగా తీయవలెను. ఒంటి లంకె తీయవలసి వచ్చినచో వంపు పలకల సగము లంకె ఒకటి ఉన్నది గాని, అది తక్కిన వానికంటె బలహీనము. పగిలిన పలకను వెల్డింగు చేయించుట నాకు ససేమిరా ఇష్టము లేదు. పిన్నునకును బుష్షునకును ఫ్యాక్టరీలో పెట్టిన గట్టిదనము ఆ వేడికి చెడును. అతుకు చల్లారిన తరువాత చూచుటకు నిండుగా ఉండును గాని బరువు పడిన నాడు తెగును. పరుగెత్తు మోటారు సైకిలు మీద గొలుసు తెగి వెనుక చక్రమునకు చుట్టుకొనినచో కలుగు అపాయము వర్ణింపనక్కరలేదు.

నూనె సంగతి. నల్లని గ్రీజు దట్టముగా పూసిన చైనును చూచి "చక్కగా చూచుకొనుచున్నాడు" అని లోకము మెచ్చును. ఆ గ్రీజు వెలుపలనే ఉండిపోవును, పిన్ను దగ్గరకు చేరదు. పైగా రోడ్డు దుమ్మును పట్టి ఉంచి సానపిండి వలె పనిచేయును. గొలుసును కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, వదులుగా ఉన్న క్రింది వరుసలో లోపలి పలకకును వెలుపలి పలకకును నడుమగల సందులలో పలుచని యంత్రపు నూనెను చుక్క చుక్కగా వేయవలెను. నాలుగు చుట్లు త్రిప్పి, పైనున్న నూనెను గుడ్డతో తుడిచివేయవలెను. వంటనూనె కొన్నాళ్ళకు జిగురెక్కును గనుక వాడరాదు. కీళ్ళ దగ్గర ఎర్రని తుప్పుపొడి కనిపించినచో లోపల నూనె ఎండినదని గుర్తు. నేటి మోటారు సైకిళ్ళ గొలుసులు పెక్కింటిలో కీలు కీలుకు సన్నని రబ్బరు కడియములు ఉండి లోపలి గ్రీజును కాపాడుచుండును. అట్టి వానిని పెట్రోలుతో కడుగుటయు, తీగబ్రష్షుతో రుద్దుటయు కూడదు.

ఈ పనులన్నియు యంత్రము నిలిచియున్నప్పుడే. ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసికొనవలెను; విద్యుత్తుతో నడచునదైనచో ఫ్యూజు తీసి దగ్గర పెట్టుకొనవలెను. తిరుగుచున్న గొలుసును గుడ్డతో తుడుచుట వ్రేలిని చక్రమునకు అప్పగించుటయే. ఇంటిలో సైకిలును స్టాండు మీద నిలిపి పెడలు త్రిప్పి ఆడుకొను పిల్లల విషయమున తల్లిదండ్రులు మరింత జాగరూకులై ఉండవలెను; గొలుసు చక్రము మీదికి ఎక్కుచోట చిన్నవ్రేలు పడుటకు రెప్పపాటు చాలును. చైను కవరు అందము కొరకు పెట్టినది కాదు గనుక, శబ్దము చేయుచున్నదని దానిని ఊడదీసి అటక మీద పడవేయరాదు. కవరు గలగలమనుచున్నచో చూడవలసినది దాని మరలు. మరలు బిగువుగా ఉండియు శబ్దము వచ్చుచున్నచో, ఒరసికొనుచున్నది వదులైన గొలుసే కావచ్చును. టేపు తీసి కొలువుడు.