కువైట్‌కు పోయే ముందు సిమ్ సంగతి
అక్కలారా, చెల్లెళ్లారా, అప్పుల లెక్కలు ఇంతకుముందే విన్నారు. మేం ఫోన్ సంగతి చెప్తాం. నవ్వొద్దు, ఇదీ పొదుపు సంగతే.

ఒకప్పుడు బెంగళూరుకు పోయినా రోమింగే. మన ఆంధ్ర సర్కిల్ దాటితే, వచ్చిన ఫోన్ ఎత్తినా డబ్బులు కట్టయ్యేవి. 2015లో ట్రాయ్ ఆ రేటు నిమిషానికి 45 పైసలు మించకూడదని హద్దు పెట్టింది. 2016లో జియో వచ్చినాక మిగతా కంపెనీలు కూడా దేశం లోపల రోమింగ్ చార్జీలు ఎత్తేసినాయి. దేశం దాటితే మాత్రం పాత కథే, ఇంకా పెద్ద రేట్లతో.

ఇడుపులపాయ నుంచి పోయినామె కువైట్‌లో దిగి ఫోన్ ఆన్ చేస్తుంది. అక్కడి టవరు సిమ్‌ను చూసి ఇది ఇండియాదని గుర్తుపడుతుంది. ఈమె మీ మనిషేనా, రోమింగ్ ఉందా అని మన కంపెనీని అడుగుతుంది. ఔనంటేనే సిగ్నల్ ఇస్తుంది. మన కంపెనీ కూడా, ఈమె ఇప్పుడు ఫలానా చోట ఉందని రాసి పెట్టుకుంటుంది. ఇక్కడ వాళ్లమ్మ ఫోన్ చేస్తే కాల్ ముందు మన కంపెనీకి పోయి, ఆడ నుంచి కువైట్‌కు మళ్లుతుంది. అమ్మకు మామూలు కాలే. ఆ మళ్లించిన ఖర్చు కూతురి నెత్తిన పడుతుంది. చాలామంది తల్లులకు ఈ సంగతి తెలీదు, రోజుకు నాలుగుసార్లు చేస్తారు. వాట్సాప్‌లో చేయండమ్మా.

మా సంఘంలో ఒకామె పోయేటప్పుడు సిమ్ తీసి ఇంట్లో డబ్బాలో పెట్టి, అక్కడ కొత్త సిమ్ కొనుక్కుంది. రీచార్జి ఎవరూ చేయలేదు. మూడు నెలలు వాడని నంబరును కంపెనీ తీసేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. అట్లే అయింది. ఆమె బ్యాంకు ఖాతా ఆ నంబరుకే ఉండె. ఓటీపీ రాక, డబ్బున్నా పంపలేకపోయింది. నంబరు మార్చాలంటే ఆమే రావాలన్నారు. రెండు నెలలు ఆమె కంతు సంఘమే సర్దింది. ఆమె తప్పని మేం అనుకోం, చెప్పినవాళ్లే లేరు.

కాబట్టి పాత సిమ్ వెంట తీసుకుపోండి. రెండు సిమ్‌ల ఫోనైతే మేలు. విమానం ఎక్కకముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో పెట్టండి. లేకుంటే జేబులో ఫోన్ ఊరికే ఉన్నా డబ్బు కరుగుతుంది. వచ్చే మెసేజీలకు మామూలుగా చార్జీ ఉండదు, ఓటీపీకి అదే ఆధారం. వ్యాలిడిటీ అయిపోకుండా ఇక్కడి వాళ్లు రీచార్జి చేస్తుండాలి.

అక్కడ నుంచి ఇంటికి చేయాలంటే నంబరు ముందు +91 ఉండాలి. పోయే ఆలోచన ఉన్నవాళ్లు వచ్చే నెల మీటింగుకు ఫోన్లు తెచ్చుకోండి, యానిమేటర్ పక్కన కూర్చుని నంబర్లన్నీ అట్లే సేవ్ చేసుకుందాం.