యూదుల పండుగలు – వాని అంతరార్థము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



అహోబిల నారసింహుని కొండనీడన నుండు మనమెక్కడ, యూదుల పండుగలెక్కడ, లెక్కలు వ్రాయు వీనికి ఈ విషయమేల యని మీలో కొందరనుకొనుచుందురు. పందిరిగుంజకు కట్టిన ఆ బట్టను చూడుడు. దానిపై ‘సిల్వర్ జూబిలీ’ యని యున్నది. ‘జూబిలీ’కి మూలము హీబ్రూ భాషలోని ‘యోవేల్’ అను శబ్దము. పొట్టేలికొమ్ముతో చేసిన బూరయని దాని కర్థము. తెలుగు బైబిలు ననువదించినవారు దీనిని ‘సునాద సంవత్సరము’ అనిరి. ఏడేడులు 49 ఏండ్లు గడచిన పిమ్మట, 50వ యేట ఆ బూర నూదవలెననియు, అమ్ముడుపోయిన భూమి తొలి కుటుంబమునకు మరలవలెననియు, దాస్యమున బడినవాడు విడుదలపొంది తనవారిని చేరుకొనవలెననియు లేవీయకాండము విధించినది. భూమి దేవునిది, మనుష్యులు దానిపై కొంతకాలము కాపురముండువారు మాత్రమేయని అందుకు హేతువు. పట్టాలు, అడంగళ్ళు చూచుచు జీవితము గడపినవాడనగుటచే ఆ అధ్యాయము చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాటినుండి ఈ జాతి పండుగలను గూర్చి దొరికినంతవరకు చదువుచు వచ్చితిని.

వారు మనకు బొత్తిగా పరాయివారు కారు. కొచ్చిన్‌లో 1568లో కట్టిన యూదుల ప్రార్థనాలయము నేటికిని కలదు. మన తెలుగునాటనే గుంటూరు జిల్లా చేబ్రోలుచెంత కొత్తరెడ్డిపాలెమున కొన్ని కుటుంబములవారు తాము ఎఫ్రాయిము గోత్రజులమని చెప్పుకొనుచు 1980 తరువాతి దశాబ్దమునుండి యూదాచారముల నవలంబించుచున్నారు. తెలుగు మాటలాడువారే శనివారమున విశ్రాంతిదినము, వసంతమున పస్కా జరుపుకొనుచున్నారు.

వారి పంచాంగమును మనదానివలెనే చంద్రుని ననుసరించినది. 19 ఏండ్లలో 7 అధికమాసములు చేర్చి ఋతువులతో సరిపెట్టుదురు. విరాటపర్వమున భీష్ముడు దుర్యోధనునికి అధికమాసముల లెక్క చెప్పి, పాండవుల గడువు తీరినదని తేల్చిన ఘట్టము మీకు జ్ఞప్తికి వచ్చును. వారి ప్రాచీన ధర్మసంహితయగు మిష్నా 4 సంవత్సరాదులను చెప్పుచున్నది. రాజుల పాలనాకాలమున కొకటి, పశువుల దశమభాగమున కొకటి, సంవత్సర గణనకొకటి, చెట్ల ఫలముల కొకటి. నవ్వవలదు. మనకును ఉగాది వేరు, ఫసలీకి జూలై 1 వేరు, ఖజానాకు ఏప్రిల్ 1 వేరు, గోడమీది క్యాలెండరుకు జనవరి 1 వేరు!

ఇక పండుగలు. వసంత పౌర్ణమికి పస్కా. ఐగుప్తు దాస్యమునుండి పూర్వులు వెడలివచ్చిన రాత్రిని స్మరించి పులియని రొట్టెలు తిందురు. ఇంటిలోని చిన్నవాడు ప్రశ్న లడుగవలెను, పెద్దవాడు కథ చెప్పవలెను. ప్రతి తరమువాడును తానే ఐగుప్తు విడిచివచ్చినట్లు భావింపవలెనని నియమము. పది యరిష్టములను పేర్కొనునపుడు ద్రాక్షరసపు గిన్నెనుండి ఒక్కొక్క బొట్టు తీసివేయుదురు. శత్రువులు బాధపడినందున తమ సంతోషమును అంతమేర తగ్గినదని దీనికి పెద్దలు చెప్పు భావము. శత్రువు ఏడ్చినపుడు మన గిన్నె నిండుగా నుండరాదు. మన పల్లెలలోని పార్టీల వారందరు ఈ బొట్టును గూర్చి కొంచెము తలపోయవలెను.

పస్కా పిమ్మట 50వ దినమున వారముల పండుగ. సీనాయికొండపై ధర్మశాస్త్రము లభించిన దినమది. నాటి రాత్రి పలువురు నిద్రమాని గ్రంథపఠనము చేయుదురు, రూతు కథ చదువుదురు. రూతు పరదేశి, విధవ, పరాయివాని చేలో పరిగె యేరుకొని అత్తను పోషించినది. కోతకోయువాడు చేనిమూలలను విడువవలెననియు, రాలిన వెన్నులు పేదవారివనియు వారి ధర్మశాస్త్రము. ధర్మశాస్త్రమును పొందిన దినమున పరిగె యేరుకొన్న దానిని స్మరించుటలోనే ఆ శాస్త్రసారము కలదు.

వేసవిలో ఆబు నెల 9వ నాడు ఉపవాసముండి, క్రీ.పూ. 586లోను, క్రీ.శ. 70లోను యెరూషలేము దేవాలయము కూలినందులకు నేలపై కూర్చుండి దుఃఖింతురు. చలికాలమున 8 రాత్రులు హనుక్కా దీపములు వెలిగింతురు. మొదటినా డొకటి, రెండవనాడు రెండు, ఈ రీతిని దినదినము పెంచుదురు. బాటసారులకు కనబడునట్లు వాకిటనో కిటికీలోనో నుంతురు. పూరీమునాడు మిత్రులకు తినుబండారములును, పేదలకు దానమును ఇయ్యక పండుగ పూర్తికాదు.

శరత్తునందలి తిష్రీ మాసపు పండుగలను చివరకై నిలిపితిని. పెక్కేండ్లలో ఈ మాసము మన శరన్నవరాత్రులతో ఆరంభమగును. మొదటినాడు కొమ్ముబూర నూదుదురు. దేవుడు మానవుల లెక్కపుస్తకము విప్పునని వారి విశ్వాసము. పది దినములు తమ నడవడిని తామే తనిఖీ చేసికొందురు. దీనిని ‘తెషూవా’ యందురు. మరలివచ్చుట యని అర్థము. పదవనాడు ప్రాయశ్చిత్త దినము, సూర్యాస్తమయమునుండి మరునాటి రాత్రివరకు నిర్జలోపవాసము. సునాద సంవత్సరపు బూర నూదవలసినదియు ఈ దినముననే.

ఇచట మిష్నా ఒక నిక్కచ్చి మాట చెప్పుచున్నది. మనుష్యుడు దేవునియెడ చేసిన తప్పు ఈ ఉపవాసముచే తీరును. తోటివానియెడ చేసిన తప్పు ఆ తోటివానిని సమాధానపరచువరకు తీరదు. అనగా పొరుగువాని ఖాతాలోని బాకీని దేవుడును కొట్టివేయడు.

నా సంగతి చెప్పెదను. ఒకప్పుడు ఒక పేదరాలు చెల్లించిన పైకమును వేరొకరి పేర జమకట్టితిని. తెలిసి చేసినది కాదు. అయినను ఆమె బాకీదారుగా నిలిచి మండుటెండలో మూడుమార్లు కచేరీకి నడచినది. పిదప పొరపాటు కనుగొని పుస్తకమున దిద్దితిని. ఆమె యింటికిపోయి ‘తప్పు నాది’ యని మాత్రము అనలేదు. లెక్క సరిపోయినది గదా యనుకొంటిని. ఇంటిదేవునికి దండము పెట్టుటలో ఏనాడును లోపము చేయలేదు. ఈ మాట చదివి ఆమె గడప తొక్కవలెనని తలచునప్పటికి ఆమె కాలధర్మము నొందినది.

బాధితుడు గతించినచో పదిమందిని వెంటగొని సమాధియొద్ద తప్పు నొప్పుకొనవలెనని 12వ శతాబ్దపు ధర్మశాస్త్రకర్త మైమోనిడీసు వ్రాసెను. ఆమెకు మన శ్మశానమున గుర్తురాయియైన లేదు. కాని నా యెదుట పదిమందికి మించినవారున్నారు. అమ్మా, తప్పు నాది. ఈ మాట పదిమందిలో చెప్పుటకే నేడు వేదిక యెక్కితిని.

ప్రాయశ్చిత్తము ముగిసిన అయిదవనాడు, పౌర్ణమికి, పర్ణశాలల పండుగ. గట్టి యిల్లు విడచి, నక్షత్రములు కనబడునట్లు కొమ్మలుకప్పిన పాకలో 7 దినములు భుజింతురు. ఇల్లు శాశ్వతము కాదని మేనికే తెలియవలె నన్నమాట. మన అహోబిలస్వామియు కొండపై కోవెల యుండగా కనుమనాడు పారువేటకు వెడలి, 40 దినములకు పైగా ఆళ్ళగడ్డ ప్రాంతపు పల్లెలలో తిరుగును. అచట మనుష్యుడు ఇల్లు విడచును, ఇచట దేవుడే ఇల్లు విడచి మన గడపలకు వచ్చును. స్వామియే గడపగడపకు రాగా, తప్పుచేసినవాడు పొరుగుగడపకు పోవుటకు సిగ్గుపడనేల?

ఆ పండుగల చివర, ఏడాదిపొడుగున వారవారము చదివిన ధర్మగ్రంథపు కడపటి మాటలు చదివి, ఆ సభలోనే మరల మొదటి పుట తెరతురు. మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి, సునాదములో ఇది సగము. కార్యవర్గమువారి కొక మనవి. గడువు దాటిన పుస్తకములు ఇంట నుంచుకొని, అపరాధరుసుమునకు వెఱచి ఈ మెట్లెక్కనివారు మనలో కొందరున్నారు. ఈ యేడు ఆ రుసుము మాఫీ చేయుడు. బాకీ పోవచ్చును, పుస్తకము మాత్రము తన అలమారకు తిరిగి రావలెను. పుస్తకముతోపాటు ఆ మనిషియు తిరిగి వచ్చును.